అప్పలకొండమ్మ నడుము, గోవిందు ట్రైలర్

ఇది చిన్న కథ. గోవిందు తన పడవకి ట్రైలర్ సరిగ్గా అమర్చుకున్నాడు, అంతే. నిలబడి వినేసి వెళ్ళిపోవచ్చు.

కానీ ట్రైలర్ గురించి చెప్పాలంటే ముందు వానల గురించి చెప్పాలి, వానల గురించి చెప్పాలంటే అప్పయ్య గురించి చెప్పక తప్పదు. అప్పయ్య పోర్ట్ బ్లెయిర్ దగ్గరి మా వండూర్ పడవల సంఘానికి ప్రెసిడెంటు. నీళ్ళ మీద ఆయనకి కళ్ళు తిరుగుతాయి. ఎప్పుడూ ఒడ్డునే ఉంటాడు కాబట్టి అందరికీ దొరుకుతాడని ఎన్నుకున్నాం. ఏటా వానలు ముదిరి టూరిస్టులు తగ్గాక, జెట్టీ దగ్గర గొడుగేసుకుని నిలబడి "బోట్లు లాగండి" అని ఆర్డరు వేస్తాడు. అప్పటికి అందరూ లాగేసి, స్నానాలు చేసి, టీ తాగుతూ ఉంటారు. ఆయన ఆర్డరు మాత్రం ఏ ఏడాదీ తప్పలేదు.

ఇదివరకు పడవల్ని కొబ్బరి మొద్దుల మీదకి లాగేవాళ్ళం. ఫైబర్ పడవ మొద్దుల మీద పాడవుతోందని, ఈ ఏడు నుంచి ప్రతి పడవా ట్రైలర్ అనే చక్రాల బండి మీదే ఉండాలని సంఘం తీర్మానం చేసింది. తీర్మానానికి చేతులెత్తిన ముప్ఫై మందిలో ట్రైలర్‌ని దగ్గరగా చూసినవాళ్ళు ఇద్దరు.

వాళ్ళలో ఒకడు గోవిందు. పనిలో చాదస్తం మనిషి. చొక్కా తొడుక్కునే ముందు గుండీలు లెక్కపెట్టుకుంటాడు. పడవ అడుగున ముక్కు నుంచి వెనక దాకా వెన్నులా దిగే గట్టుని కీల్ అంటారు. పడవ బరువంతా ఆ కీల్ కిందుండే రబ్బరు రోలర్ల మీద ఆనాలి. రెండు పక్కలా కార్పెట్ చుట్టిన పొడుగు చెక్కలుంటాయి. అవి పడవ ఒరగకుండా పట్టుకోవాలే తప్ప మొయ్యకూడదు. వాటి కొసలు ఇంజన్ వేలాడే వెనక అంచు దాకా రావాలి, లేకపోతే పడవ అడుగు వంగిపోతుంది. గోవిందు ఇదంతా కాగితం మీద బొమ్మ గీసుకుని, దారం కట్టి, నీళ్ళు నింపిన సన్న గొట్టంతో లెవెల్ చూసి, నాలుగు రోజులు పట్టి అమర్చాడు. పక్కనే ఇంకో పడవ తోలే లక్ష్ముడు తన ట్రైలర్ పని గంటన్నరలో ముగించి భోజనానికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నుంచి గోవిందు పెళ్ళాం అప్పలకొండమ్మ పడుకోలేకపోయింది.

కారణం అందరికీ తెలిసిందే. కొత్త పడవ మొదటిసారి నీళ్ళలో దిగే ముందు దాని ముక్కు మీద ఏ ఆడమనిషి పసుపు చేతులు అద్దుతుందో, ఆ పడవకి తగిలింది ఆ మనిషికి తగులుతుంది. పడవ రాయికి రాసుకుంటే ఇంట్లో గరిటె జారిపోతుంది. మా నర్సమ్మ కూడా ముందు "నీ నొప్పా, బోటు నొప్పా?" అని అడుగుతుంది. బోటు నొప్పి అంటే వేరే రంగు మాత్ర ఇస్తుంది.

గోవిందు పడవ నీళ్ళలో దిగిన ఐదేళ్ళలో అప్పలకొండమ్మ ఒంటి మీద కమలని చోటు లేదు. మోకాలి మీద గీత పడితే, గోవిందు పడవని పగడపు రాయి మీదకి తోలాడని చెప్పుకున్నాం. మెడ పట్టేస్తే జెట్టీకి గుద్దాడని చెప్పుకున్నాం. ఎక్కడా తగిలించలేదని గోవిందు ఒట్లు వేసేవాడు. ఒకసారి గోవిందు పడవ ఇంజన్ రిపేరుకి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి మూడు వారాలు రాలేదు. ఆ మూడు వారాల మధ్యలోనే ఆవిడకి నడుం మీద దెబ్బ తగిలింది.

"ఇంజనే నేదు కదే! బోటు ఒడ్డునే ఉంది!" అన్నాడు గోవిందు.

"ఇంజన్ నేకపోతే సుత్తితో కొట్టుంటావు. నీ సంగతి నాకు తెలీదేటి?" అంది అప్పలకొండమ్మ.

మాకు కూడా సుత్తి మాటే నిజం అనిపించింది.

లక్ష్ముడి సంగతి వేరు. అప్పలకొండమ్మకి పిన్నికొడుకు. మెత్తగా తోలతాడని పేరు. అతని పెళ్ళాం భాను అందుకు రుజువు. ఐదేళ్ళలో ఒక్కసారి అమ్మా అనలేదు. నిగనిగలాడుతూ ఉంటుంది. పిల్లలతో వచ్చే టూరిస్టులందర్నీ లక్ష్ముడి పడవకే ఎక్కించేవాళ్ళు. అప్పలకొండమ్మ చేప తలకాయ వండినప్పుడల్లా తమ్ముడికి గిన్నె పంపి, మొగుడికి తోక వేసేది. "బోటు తోలడం ఆణ్ణి సూసి నేర్చుకో" అని తోకతో పాటు వడ్డించేది.

ఇప్పుడు ట్రైలర్ గొడవ. తుంటి మీద ఎవరో గునపం ఆనించి నిలబడినట్టుందని ఆవిడ అరుగు మీద కూర్చుని, పడవలున్న ఒడ్డుకి వినపడేలా అరుస్తోంది. రేవులో ఇన్నేళ్ళు చేపలమ్మిన గొంతు, ఇంకా ఎక్కువ దూరమే వినపడింది.

"శనివారం లోపల ఆ బండి సరిసెయ్యకపోతే డెలానీపూర్ మా అన్న ఇంటికి పోతాను. మళ్ళీ ఈ గుమ్మం తొక్కితే నన్ను అప్పలకొండ అనొద్దు!"

శనివారానికి ఇంకో పని కూడా ఉంది. అదే రోజు సంఘం మీటింగు. గోవిందు పేరు టూరిస్టు లిస్టులోంచి కొట్టెయ్యాలా వద్దా అన్నదొక్కటే ఎజెండా. సాక్ష్యం అప్పలకొండమ్మ ఒళ్ళు. పేరు పోతే ఆ ఇంటికి వేరే బతుకుతెరువు లేదు.

కాబట్టి ఊరంతా సాయానికి దిగాం. అప్పయ్య ఎడమ చెక్క రెండంగుళాలు లేపమన్నాడు. లేపాం. ఇంకొకరు రోలర్ ముందుకి జరపమన్నారు. జరిపాం. ఎవరి జాకీ వాళ్ళు తెచ్చుకున్నాం.

"చెయ్యెట్టకండి!" అని గోవిందు మా చుట్టూ తిరిగాడు. "బరువు కీల్ మీదే ఉంది! కావలిస్తే సెక్కకీ బోటుకీ మధ్య కాగితం దూర్చి సూడండి!"

కాగితం దూరింది. అయినా చెక్క లేపాం. అప్పలకొండమ్మ అరుపులో ఆవగింజంత తేడా లేదు. "అయ్యా, ఇంత మంది మగాళ్ళున్నారు, ఒక్కడికి బుర్ర నేదా!" అని మాకు కూడా వడ్డించింది. కోపం మాకూ వచ్చింది. ఆవిణ్ణి అనలేక గోవిందుని తిట్టాం. గోవిందు పానా నేలకేసి కొట్టి, మళ్ళీ తనే ఏరి, ఇసుక తుడిచి, పెట్టెలో పెట్టుకున్నాడు.

అదే సమయంలో భాను మొదటిసారి నడుం పట్టుకుంది. కొత్త పరుపు పడలేదని తేల్చాం.

శుక్రవారం పొద్దున్న మొదటి బస్సులో తుష్నాబాద్ నుంచి వెల్డింగ్ తిరుమలరావు దిగాడు. ట్రైలర్ చూసిన రెండో మనిషి ఇతనే. ఈ దీవిలోనే పుట్టి పెరిగాడు, మా సంఘంలో సభ్యుడే. మాట తక్కువ. పని బాగాలేకపోతే అతనికి ఒళ్ళంతా దురద పెడుతుంది, పని మంచిదైతేనే తగ్గుతుంది. గోవిందు పడవ కిందకి దూరి చాలాసేపు చూశాడు.

"అరే భయ్యా, ఎవరు కెలికారు దీన్ని?"

అప్పయ్య సముద్రం వైపు చూశాడు.

తిరుమలరావు మేం చేసిన మార్పులన్నీ ఒక్కొక్కటే విప్పి, గోవిందు కాగితం ప్రకారం మళ్ళీ బిగించాడు. ఆఖరి నట్టు బిగించగానే, కొబ్బరిచెట్టుకి ఆనుకుని నిలబడ్డ భాను నిటారుగా అయి "నొప్పి పోయింది దీదీ" అని పక్కావిడతో చెప్పింది. పరుపు మార్చావా అని పక్కావిడ అడిగింది.

"ఫస్ట్ క్లాస్," అన్నాడు తిరుమలరావు. "నేనే ఇంత బాగా అమర్చను. దీనికేం తక్లీఫ్ లేదు."

"తుంటి!" అని అరుగు మీంచి కేక. "ఎడం తుంటి మీదే ఉంది ఇంకా!"

తిరుమలరావు తల గోక్కున్నాడు. తర్వాత చేతులు గోక్కున్నాడు. గోక్కుంటూ పక్కనున్న లక్ష్ముడి ట్రైలర్ వైపు నడిచాడు. దాని వెనక రోలర్ లేదు, బదులుగా సిమెంటు ఇటుక ఉంది. ఎడమ చెక్క మూరెడు పొట్టి. పడవ బరువంతా ఆ చెక్క కొస మీదే నిలబడి ఉంది. అతను ఊరుకోలేక దాని కింద జాకీ పెట్టి లేపాడు.

అరుగు మీద అరుపు ఆగిపోయింది.

జాకీ దింపాడు. "అమ్మో!" అంది అప్పలకొండమ్మ. లేపాడు. ఆగిపోయింది. మూడోసారి మా కోసం చేసి చూపించి, జాకీ లేపే ఉంచాడు.

అప్పుడు గుర్తొచ్చింది మాకు. ఐదేళ్ళ క్రితం రెండు పడవలూ ఒకే అచ్చులో పోసినవి, ఒకే నీలం రంగు, ఒకే ముహూర్తానికి పక్కపక్కనే నీళ్ళలోకి దిగాయి. ఆడవాళ్ళిద్దరూ పసుపు చేతులు అద్దారు. పేర్లు రాసే ఉమేష్ మాత్రం మర్నాడు వచ్చి ఏది ఎవరిదని అడిగాడు. మగవాళ్ళు తెలీక తారుమారుగా వేలు పెట్టి చూపించారు.

పన్నెండు రోజుల్లో మొదటిసారి అప్పలకొండమ్మ ఎవరినీ పట్టుకోకుండా నడిచింది. లక్ష్ముడి పడవ దాకా వచ్చి ఆగింది.

"ఒరే లక్ష్ముడూ. ఇటు రా."

"అక్కా..."

"మార్చిలో నా మెడ?"

"జెట్టీ తగిలిందక్కా. కొంచెమే."

"మోకాలు?"

"రాయి."

"మీ బావ ఇంజన్ నేని రోజుల్లో నా నడుం?"

లక్ష్ముడు ఇసుకలో కాలి వేలితో గీసుకున్నాడు. "ఆ రోజు సెల్లులో మాట్లాడుతున్నానక్కా. ఎదర దిబ్బ సూడలేదు."

"ఐదేళ్ళు చేప తలకాయలు మెక్కావు కదరా!" అని అప్పలకొండమ్మ పెట్టెలోంచి పెద్ద పానా తీసి విసిరింది. లక్ష్ముడికి తగల్లేదు. అతని పడవకి తగిలింది. "అమ్మా" అని భుజం పట్టుకుని ఆవిడే కూలబడింది.

మేం నవ్వబోయి, గోవిందు మొహం చూసి మానేశాం.

"ఐదేళ్ళు," అన్నాడు గోవిందు.

"నాకేటి తెలుసు?" అంది ఆవిడ కింద కూర్చునే. "నొప్పొస్తే మొగుణ్ణి అనక ఊళ్ళో ఎవుణ్ణంటాను?"

గోవిందు ఆ పానా ఏరుకున్నాడు. సామాను పెట్టె సర్దుకున్నాడు.

శనివారం మీటింగుకి అప్పయ్య ఎజెండా మార్చుకుని వచ్చాడు. గోవిందు పేరు లిస్టులో అలాగే ఉంటుందని, ఇందులో ఎవరి తప్పూ లేదని, తప్పంతా నీలం రంగుదని చదివాడు. చప్పట్లు కొట్టాం. గోవిందుకి శాలువా కప్పుదామని ఎవరో అన్నారు. శాలువా తేలేదు కాబట్టి తువ్వాలు కప్పారు.

గోవిందు లేచి తువ్వాలు తీసి కుర్చీ మీద పెట్టాడు.

"పన్నెండు రోజుల్నుంచి నా బోటు మీ కళ్ళెదర ట్రైలర్ మీదుంది," అన్నాడు. గొంతు పెంచలేదు. "మీరందరూ దాని కింద దూరారు. నట్లు విప్పారు, సెక్కలు లేపారు. అడుగున ఒక్క గీత నేదు. ఐదేళ్ళు తిరిగిన బోటుకి ఒక్క గీత నేదు. పక్క బోటు అడుగు కుక్కలు పీకినట్టుంది. మీలో ఒక్కడు తలెత్తి సూశాడా? నా పెళ్ళాం నడుం సూశారు. నా మాట అడిగారా?"

నిజమే, మేం అడుగు చూడలేదు. ట్రైలర్ చూశాం.

"కోపంలో ఉన్నావు, కూర్చో గోవిందూ," అన్నాడు అప్పయ్య.

"అవును," అన్నాడు గోవిందు. సంఘం ఇచ్చిన టూరిస్టు పర్మిట్ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు.

సాయంత్రానికి చల్లబడతాడనుకున్నాం. రెండు రోజులాగి అప్పయ్యే వెళ్ళి కార్డు ఇచ్చి వద్దామనుకున్నాడు. ఒక పడవ తగ్గితే సీజనుకి చాలవని లక్ష్ముణ్ణి వార్నింగుతో ఉంచారు. లక్ష్ముడి చేత వెనక రోలర్ కొనిపించారు. అప్పలకొండమ్మ డెలానీపూర్ వెళ్ళలేదు. చేప తలకాయ వండి గిన్నె మూత పెట్టి కూర్చుంది.

గోవిందు ఆ రోజే నాలుగింటి బస్సులో, మీటింగు కోసం ఆగిన తిరుమలరావుతో తుష్నాబాద్ వెళ్ళిపోయాడు. అతని వెల్డింగ్ షెడ్డు వెనక గదిలో ఉంటున్నాడు. అప్పలకొండమ్మ రెండు ఆదివారాలు బస్సెక్కి వెళ్ళింది. టీ ఇప్పించాడు, బస్సెక్కించాడు. మూడో ఆదివారం ఆవిడ వెళ్ళలేదు.

ఇప్పటికి పదకొండు ట్రైలర్లు అమర్చాడు. పడవెక్కలేదు.