కూర్చోవడానికి పుట్టిన పురుగు

నేను ఒక గొంగళిపురుగుని. సిమెంటుది. నడవను, ఆకు తినను, సీతాకోకచిలుకనవుతానని ఎవరికీ మాటివ్వలేదు. బస్టాపు పక్కన బెంచీగా పడి ఉంటాను.

నన్ను చేసినవాడు కొమురెల్లి. ఆ వీధి మురిక్కాలువ కట్టిన మేస్త్రీ. మధ్యాహ్నం సద్ది తింటుంటే ఆముదపు ఆకు మీద పురుగొకటి కనిపించిందట. వీపు ఎత్తుతుంది, దించుతుంది, మళ్ళీ ఎత్తుతుంది. తినడం ఆపి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. కాలువ పనిలో సిమెంటు మిగిలింది. మిగిలింది కాంట్రాక్టరు ఇంటికి పోవడం ఆచారం. ఈసారి పోలేదు. ఆ సిమెంటుతో మడతలు మడతలుగా నన్ను పోసి, పగిలిన పచ్చ టైల్సు ముక్కలు ఒళ్ళంతా అతికించాడు. కళ్ళకు పింగాణీ ముక్కలు పెట్టాడు. ఒక కన్ను పక్కకు పోయింది. సరిచెయ్యమని ఎవరో అంటే, "పురుగులు అద్దం సూసుకుంటయా?" అన్నాడు.

మొదట్లో నా మీద ఎవరూ కూర్చోలేదు. దురద పుడుతుందని. నవ్వకండి. ఒక పెద్దమనిషి నన్ను వేలితో తాకి, బస్సు వచ్చేదాకా మోచెయ్యి గోక్కున్నాడు.

ముందు కూర్చున్నది ఐలవ్వ. వీధులూడుస్తుంది. పార్కులో మంచి బెంచీలున్నాయి, చీపురుతో కూర్చుంటే వాచ్‌మన్ లేపుతాడు. వాటిని తుడిచేది ఐలవ్వే, అది వేరే సంగతి. నా రెండు మడతల మధ్య పల్లంలో కూలబడింది. నడుము సరిగ్గా ఆనింది.

"దీని కడుపు సల్లగుండ!" అని తోటి పనామె లచ్చవ్వను కేకేసింది. "వదినా, ఉరికిరా! మన కొలత తీసుకొని కుట్టినట్టుంది."

ఇక రోజూ అంతే. "ఏమే పురుగా, ఇంకా లేవలేదా?" అని నెత్తి మీద ఒకటిచ్చి కూర్చునేది. టీ గ్లాసు నా మూతి దగ్గర పెట్టి, "తాగుతదేమో సూడు వదినా" అనేది. లచ్చవ్వ నవ్వి నవ్వి పొలమారేది. మొహం మాడ్చుకుని వచ్చిన ప్రయాణికులు కూడా నా మెల్లకన్ను చూసి, ఎవరైనా గమనించారా అని అటూ ఇటూ చూసుకుని, అప్పుడు నవ్వేవాళ్ళు. నవ్వడం మనుషులకు అంత సిగ్గు పని ఎందుకయిందో నాకు తెలియదు.

తర్వాత సుందరీకరణ వచ్చింది. అందంగా ఉన్నవాటిని పీకడాన్ని అలా అంటారు. కౌన్సిలర్ దామోదర్ నన్ను చూసి, "మన వార్డుల మంది పురుగు మీద కూసుంటున్నరా? ఇజ్జత్ పోతది, తీసెయ్యిండ్రి" అన్నాడు. నా చోట గ్రానైటు బెంచీ వస్తుందట, దాని మీద వాళ్ళ నాయన పేరు ఉంటుందట. అలాంటి దాని మీద ఐలవ్వను కూర్చోనివ్వరని వేరే చెప్పాలా?

ఐలవ్వ అర్జీ పెట్టలేదు. మున్సిపల్ ఆఫీసు ఊడ్చేదీ ఆమే, అర్జీలు చివరికి ఎక్కడ తేలతాయో రోజూ చూస్తుంది. జేసీబీ వచ్చే పొద్దున నా నెత్తికి పసుపు పూసి, బొట్లు పెట్టి, పక్కన వేపమండ గుచ్చింది. డ్రైవరు దిగాడు. చెప్పులు విడిచాడు.

"నేను ముట్ట సారూ. ఇంట్ల పిల్లలున్నరు."

దామోదర్ కూడా చేతులు జోడించాడు. ఫోటో తీయించుకున్నాడు.

గట్టెక్కాం అనుకున్నాం. వారం తిరగకుండానే నా చుట్టూ ఇనుప కంచె లేచింది, దానికొక బోర్డు. 'పురుగు పోచమ్మ తల్లి. కూర్చోరాదు.' దామోదరే కట్టించాడు, నాయన పేరు గేటెక్కింది. నా మూతి మీద కొబ్బరికాయలు కొట్టారు, టైల్సు రాలాయి. మెల్లకన్ను ఉగ్రరూపం అన్నారు. నన్ను చూసి నవ్వేవాడే లేడు, అందరూ ఏదో ఒకటి అడిగేవాళ్ళే. ఐలవ్వ, లచ్చవ్వ కంచె బయట మట్టిలో గొంతుక్కూర్చుని టీ తాగి, లేచి, నా ముందరి కొబ్బరిపెంకులు ఊడ్చేవాళ్ళు.

"నీ పసుపే మన నడుములిరగ్గొట్టింది గదనే," అంది లచ్చవ్వ.

ఆదివారం, జనం నిండుగా ఉన్నప్పుడు, ఐలవ్వ చీపురు గేటుకానించి లోపలికొచ్చింది. దణ్ణం పెడుతుందనుకుని దారిచ్చారు. వచ్చి నా పల్లంలో కూర్చుంది.

"ఏయ్! అమ్మవారి మీద కూసుంటవా? దిగు!" దామోదర్ అరిచాడు.

ఐలవ్వ కాళ్ళు చాపుకుంది. "అమ్మనే గద సారూ? బిడ్డలు అమ్మ ఒడిల కూసోక యాడ కూసుంటరు?"

దామోదర్ గేటు వైపు చూశాడు. ఆమెను దింపాలంటే, నేను అమ్మను కాదు, పురుగునని అతనే చెప్పాలి. చెబితే గేటు మీది నాయన ఏం కావాలి?

గుంపులోంచి ఒక ముసలామె బయటపడింది. "గట్లయితే నేనూ కూసుంట. మోకాళ్ళు గుంజుతున్నయ్." లచ్చవ్వ మూడోది.

ఇప్పుడు గేటు తీసే ఉంటుంది. దేవతగా నా అభిప్రాయం ఎవరూ అడగలేదు గానీ, కొబ్బరికాయ దెబ్బ కంటే మనిషి బరువే నాకు హాయి. ఈ పొద్దున ఒకతను కాయ పట్టుకుని వచ్చాడు. కొట్టడానికి జాగా లేదు, నిండా మనుషులు.

"అక్కా, జర జరుగు, మొక్కుకోవాలె."

ఐలవ్వ అతని మొహం చూసి, కొంచెం జరిగి, పక్కన చేత్తో తట్టింది. "ముందు కూసో తమ్మీ."

అతను కాయ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అతని బస్సు వచ్చింది, పోయింది. లేవలేదు.