ఐదు లెక్కపెట్టేలోపు

మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఆమె పెదాలు కదిపేది. బండి కరెంటు స్తంభం దాటగానే ఒకటి మొదలుపెడితే, మలుపు చేరేసరికి కనీసం ఎనిమిది రావాలి. ఐదు లోపే చేరిందంటే మితిమీరిన వేగమన్నమాట. పక్కనున్న నోటుబుక్కులో నంబరు ఎక్కించి మళ్ళీ కాయ అందుకునేది.

"వీధికి కాపలా ఉద్యోగం ఇచ్చారా ఏంటి? జీతమెంతట?" అని నవ్వేవాడు భర్త, తాగిన టీ గ్లాసు ఆమె ముందే పెట్టి వెళ్తూ. నలభై ఏళ్ళుగా ఆమె చేసిన ఏ ఉద్యోగానికి జీతం ఉంది గనక!

ఎదురింటి టైలరమ్మ పోయి మూడు నెలలైంది. చెత్తబుట్టతో వీధి దాటుతుంటే సరుకుల వ్యాను గుద్దింది. "వదినా, ఇప్పుడే వస్తా" అని గేటు దగ్గర్నుంచి కేకేస్తే, ఈమె తలెత్తకుండానే "ఊఁ" అంది. ఎత్తని ఆ తలే ఇప్పటికీ ముద్ద మింగనివ్వదు. "చూసుకుని దాటాలి కదమ్మా" అన్నాడు కొడుకు ఆ సాయంత్రం, బూట్లు విప్పుతూ. చూసుకుని నడపాలని ఇంట్లో ఒక్కరూ అనలేదు.

స్పీడ్ బ్రేకర్ కావాలంటే నెల రోజుల లెక్క రాసి తెమ్మన్నారు మునిసిపల్ ఆఫీసులో. ఆమెతో కలిపి నలుగురు ఆడవాళ్ళు నాలుగు గేట్ల దగ్గర కూర్చున్నారు. గిన్నెలు మాడాయి, మాటలు పడ్డారు, అయినా రాశారు.

ఇంజనీరు నాలుగు పుస్తకాలూ తిరగేశాడు. "అన్నీ వ్యాన్లూ, పార్సిలు వాళ్ళ బళ్ళూనూ. మీ వీధి బండి ఒక్కటీ లేదే? మీవాళ్ళంతా అంత బుద్ధిమంతులైతే బ్రేకరెందుకమ్మా? బయటివాళ్ళ కోసం ఒక బోర్డు పెట్టిస్తాం. కాదంటారా, ఉన్నవన్నీ రాసుకుని రండి."

నలుగురూ తలలు దించుకున్నారు. ఒకరితో ఒకరు అనుకున్నది కాదు. ఎవరింటి మగవాడి బండి వాళ్ళు వదిలేశారు. పక్కింటామె మొహం చూడాలి గనక వాళ్ళ బండీ వదిలేశారు. చప్పుడు కాకుండా వడ్డించడం నేర్చిన చేతులు, ఆ నంబర్ల దగ్గర కలం ఆపడం కూడా ఎవరూ చెప్పకుండానే నేర్చాయి.

"రాస్తే మా ఆయన ఇల్లు పీకి పందిరేస్తాడు పిన్నీ" అంది దారిలో పక్కింటి కోడలు.

"వెయ్యనీ, నీడకైనా పనికొస్తుంది" అని నవ్వి, ఆమె ఇంటికి పోకుండా మిగతా మూడు గేట్లూ తిరిగొచ్చింది.

సాయంత్రం కొడుకు కారు స్తంభం దాటింది. మూడు అనేలోపే మలుపు దగ్గరుంది. ఆడుకుంటున్న పిల్లలు గోడకు అతుక్కుపోయారు. ఇల్లు దాటిపోయిన కారు వెనక్కి తిప్పి వాకిట్లో పెట్టి వచ్చేసరికి, తల్లి కలం ఇంకా కాగితం మీదే ఉంది.

"నా నంబరెందుకమ్మా? కన్నతల్లివేనా నువ్వు?"

"ఇంటి పరువు ఆఫీసుల్లో పరుస్తుందట!" లోపల్నుంచి వచ్చాడు భర్త. "ఆ కాగితం చింపి అవతల పారెయ్యరా."

ఆమె పుస్తకాన్ని తనే కొడుకు చేతిలో పెట్టింది.

"చింపుకో నాన్నా. నీ నంబరు ఆ ముగ్గురి పుస్తకాల్లోనూ ఉంది. గేటు గేటుకీ వెళ్ళి నేనే రాయమన్నాను."