బలిపీఠానికి పనికిరానిది

"దహనబలి అన్న మాట ఇంకాస్త పెద్దగా రాయి. వెనక బెంచీ వాళ్ళకి కూడా కనపడాలి" అన్నాడు పాస్టరుగారు, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుంటూ. వంటింటి బల్లకి ఒకపక్క ఉల్లిపాయలు, ఇంకోపక్క చార్టు కాగితం. భార్య చేతులు కడుక్కుని మార్కరు పట్టుకుంది. ఉల్లిఘాటుకి కళ్ళు కారుతున్నాయి. ఏడుస్తోందేమో అని మరొకరైతే అనుకునేవారు. అయినా ఆయన అటు చూస్తేగా!

మూడు రోజుల సభలు. 'ఇశ్రాయేలీయుల బలులు, పండుగలు: ఈనాటి విశ్వాసికి వాటి అర్థం' అని వీధి వీధికీ కాగితాలు అంటించారు. బోధ ఆయనది. ఆయన గిలికిన నోట్సు శుభ్రంగా తిరగరాసింది ఆమె, చార్టులు ఆమెవి, బయటినుంచి వచ్చిన నలభైమందికి మూడుపూటలా వంట ఆమెది, వాళ్ళ దుప్పట్లు ఉతికేది ఆమె. ఐదు నెలలుగా ఆగకుండా రక్తం పోతున్నదీ ఆమెకే. ఆ ఒక్కదాంట్లో మాత్రం ఎవరూ వాటా అడగలేదు.

డాక్టరమ్మ గర్భసంచిలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. ఫలితం వచ్చాక గొంతు తగ్గించి, "గర్భసంచి తీసెయ్యాలమ్మా, ఇది నాన్చే వ్యవహారం కాదు" అని తారీఖు ఇచ్చింది. ఆ తారీఖుకి ఆడబిడ్డ పురుడు వచ్చిపడింది. "పచ్చి బాలింతరాలిని వదిలేసి నువ్వెళ్ళి మంచమెక్కుతావా? ఆడదాని ఒంట్లో రక్తం పోవడం ఏమన్నా వింతా? మేమంతా బతకలేదూ!" అన్నారు అత్తగారు. రెండో తారీఖుకి ప్రార్థన హాలుకి సున్నాలు వేస్తున్నారు, పనివాళ్ళకి అన్నం పెట్టాలి. మూడోది సరిగ్గా సభల ఆఖరి రోజు. పొద్దున పదకొండింటికల్లా చేరాలి. "ఈసారీ రాకపోతే నేను చెయ్యగలిగేది ఏమీ ఉండదు" అంది డాక్టరమ్మ. ఆ మాటే ఇంటికొచ్చి చెప్తే ఆయన బైబిల్లోంచి తలెత్తకుండా, "సభలు కానియ్యి, చూద్దాం. దేవుడి పనిలో ఉన్నవాళ్ళని దేవుడే చూసుకుంటాడు. నా భార్యే నమ్మకం లేక ఆసుపత్రుల చుట్టూ తిరిగితే రేపు నలుగురికీ నేనేం చెప్పను?" అన్నాడు.

మొదటిరోజు దహనబలి. మైకులో ఆయన గొంతు వంటింటి దాకా ఖంగున వినిపించింది. మిగతా బలుల్లో బలిచేసే యాజకుడికి వాటా ఉంది, దేవుడితో సఖ్యత కోసం ఇచ్చే సమాధానబలిలో అయితే తెచ్చినవాడికీ విందు ఉంది, దహనబలిలో మాత్రం మాంసమంతా బూడిదే. ఈనాటి విశ్వాసి గొర్రెని తోలుకు రానక్కర్లేదు, తన శరీరాన్నే సజీవయాగంగా అర్పించుకోవాలి. అందరూ ఆమెన్ అన్నారు. ఆమె మాడుతున్న కూర దించింది. రెండోరోజు పండుగలు. పండుగ నాడు ఇంటివాడు, కూతురు, కొడుకు, పనివాడు, పనిమనిషి, పరదేశి అందరూ విశ్రాంతిగా సంతోషించాలట, ఎవరూ బతుకుతెరువు పని ముట్టకూడదట. ఆ మాట వినేసరికి ఆమెకి నవ్వు ఆగలేదు. ఆ రోజే గిన్నెలు రెండింతలు. ఆ పండుగల్లో ఎవరూ పిండి పిసకకుండానే పులియని రొట్టెలు నడిచొచ్చాయి కాబోలు!

ఆ సాయంత్రం మర్నాటి చార్టు రాయమని నోట్సు ఇచ్చి వెళ్ళాడు. 'బలిపశువు లక్షణాలు' అని పైన రాసి కింద ఒక్కొక్కటే దించుతోంది. గుడ్డిది పనికిరాదు. కుంటిది పనికిరాదు. పుండున్నది, జబ్బుతో ఉన్నది పనికిరాదు. అక్కడ మార్కరు ఆగింది. కాళ్ళ మధ్య మళ్ళీ వెచ్చగా తడి. కుర్చీ అంచు పట్టుకుని నిలబడింది. పశువునైనా బలిపీఠం దగ్గరికి తెచ్చేముందు కాలెత్తి, నోరు తెరిచి, చెవి వెనక కూడా చూసేవాళ్ళట. ఇరవై రెండేళ్ళలో ఈయన నన్ను ఒక్కసారైనా అలా చూశాడా? తన శరీరాన్ని అర్పించుకోవాలని చెప్పాడే, తన అంటే ఎవరిది? ఆయన ఒళ్ళు ఎక్కడ నలిగింది? ఇస్త్రీ చొక్కా, వేళకి మందులు, గొంతుకి వేణ్ణీళ్ళు. అర్పణ అంతా నా ఒంట్లోంచే పోయింది, ఆశీర్వాదం మాత్రం ఆయన ఖాతాలో పడింది. పైగా నేనే సంతోషంగా ఇస్తున్నానని ఊళ్ళో పేరు. అవును, ఇచ్చాను. మొదట్లో నిజంగానే సంతోషంగా ఇచ్చాను. ఒంట్లో ఓపిక ఉన్నంత కాలం ఇచ్చాను. దేవుడు అడిగాడనుకుని ఇచ్చాను, అడిగింది దేవుడు కాదని ఇప్పుడు తెలిసింది. చార్టు పూర్తిచేసి గోడకి ఆనించింది.

ఆ సంఘంలో ఆడవాళ్ళు సభలో నోరెత్తకూడదు. సందేహం ఉంటే చీటీ మీద రాసి పంపాలి. సగంమందికి రాయడం రాదు కాబట్టి అందరి ప్రశ్నలూ, వాళ్ళంతా అమ్మగారని పిలిచే ఆమే రాసిపెడుతుంది. చీటీలన్నీ ఎప్పుడూ ఒకే దస్తూరీ. ఆఖరి రోజు పొద్దున తొమ్మిదింటికి ఆడవాళ్ళు చెప్పిన నాలుగు చీటీలు రాసి, ఐదోది ఎవరూ చెప్పకుండానే రాసి, అన్నీ మడిచి పంపించింది.

ఆయన ఒక్కొక్కటే విప్పి జవాబు చెప్పుకుంటూ వచ్చాడు. ఐదోది విప్పి గట్టిగా చదివాడు. "ఒక మనిషి తనది దాచుకుని, ఇంట్లో జబ్బుతో రక్తం ఓడుతున్న జీవాన్ని బలిపీఠం మీదికి తోలితే దేవుడు అంగీకరిస్తాడా?" ఆయన ముఖం వెలిగిపోయింది. "ఎంత మంచి ప్రశ్న! ముమ్మాటికీ అంగీకరించడు. అది అర్పణ కాదు, దేవుణ్ణి మోసం చెయ్యడం. ఆ మనిషి ముందు వెళ్ళి ఆ జీవానికి వైద్యం చేయించాలి, తర్వాత తనది తాను తెచ్చుకోవాలి!" అన్నాడు బల్ల గుద్ది. హాలంతా ఆమెన్ అంది. అత్తగారు కూడా చేతులెత్తి అన్నారు.

ఆమె లేచి నిలబడింది. ఇప్పటికైనా అర్థమైందేమో అని ఒక్క క్షణం ఆయన కళ్ళలోకి చూసింది. ఆశ చావదు కదా! ఆయన చిరునవ్వుతో మైకు దగ్గరికి లాక్కుని, "అదిగో, అమ్మగారు లేచారంటే టీ వస్తున్నట్టే. ఈలోపు ఇంకొక్క మాట" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆమె వంటింటి వైపు తిరగలేదు. చెప్పులు వేసుకుని, వీధి చివరికి నడిచి, వచ్చిన బస్సెక్కింది. పదకొండుకి అయిదు నిమిషాలుండగా ఆసుపత్రిలో పేరు రాయించుకుంది.

డాక్టరమ్మ మళ్ళీ పరీక్ష చేసింది. చాలాసేపు చేసింది. చేతి తొడుగులు తీసేసి, ఆమె ముఖంలోకి కాకుండా తలుపు వైపు చూస్తూ, "మీవారు రాలేదా అమ్మా? ఆలస్యమైపోయింది. ఆపరేషన్ ఒక్కదానితో అయ్యేలా లేదు. ఆయన్ని పిలిపిస్తే కొన్ని సంగతులు మాట్లాడాలి" అంది.

ఆమె చీర సర్దుకుని మంచం మీద లేచి కూర్చుంది. భయం వేసింది, చాలా భయం వేసింది. అయినా డాక్టరమ్మ ముఖంలోకే చూసింది.

"నాతో మాట్లాడండి డాక్టరుగారూ. ఒళ్ళు నాది."