కళ్యాణి బెంగకు కాలే కరెంటు

బెంగాలీల మధ్య మన రైల్వేవాళ్ళు స్థిరపడ్డ ఊళ్ళో, మలంచా రోడ్డు మీది ఆ నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్లో ఎవరింట్లో కరెంటు ఎందుకు ఎక్కువ కాలుతుందో అందరికీ తెలుసు. పడమటి వాటాల వాళ్ళకి ఎండ, పైవాళ్ళకి కాగిన స్లాబు. అప్పలనర్సమ్మకి ముగ్గురు మనవలు. టీవీ ఆపడం ఆ వంశంలోనే లేదు. కళ్యాణికి మాత్రం బెంగ. ఆమె భర్త హరిబాబు గూడ్సు బండి నడుపుతాడు. ఇంజనెక్కితే ఫోను కట్టేయాలని రూలు. అతను దిగి ఫోను చేసేదాకా, స్విచ్చులన్నీ ఆపినా మెట్ల కింద ఆమె మీటరు మీది ఎర్రదీపం టకటకా కొట్టుకుంటూనే ఉంటుంది. రీడింగుకొచ్చే బెంగాలీ కుర్రాడు "దాదా డ్యూటీలోనా?" అని హరిబాబు గురించి అడిగి, రాసుకుని పోతాడు.

ఆ మధ్యాహ్నం కాల్‌బైశాఖి గాలివాన విరుచుకుపడింది. చెట్లు కూలి రైలు తీగలు తెగాయని టీవీలో చెప్పారు. హరిబాబు ఫోను చేసే వేళ దాటిపోయింది. కళ్యాణి మీటరు దీపం ఇక ఆరడమే మానేసింది. బిల్డింగంతా బల్బులు మసకబారాయి.

"అమ్మా కళ్యాణీ, ఓల్టేజి పడిపోతంది! మా నాన్న మిషను ఆగిపోతాది!" పైనుంచి సిరిల్ కేక. అతని తండ్రి కృపారావు ఊపిరితిత్తులు పాడై ఆక్సిజన్ మిషను మీదే బతుకుతున్నాడు. సిలిండరు తెద్దామంటే రోడ్డు నిండా చెట్లు.

బెంగపడకూడదనుకుంది కళ్యాణి. ఇప్పుడు ముసలాయన ప్రాణం గురించి కూడా భయం పట్టుకుంది. ఫ్యాన్లు ఇంకా నీరసించాయి.

"నానేటి సేసేది పిన్నీ? ఆపుదామంటే ఆగదే!" అంటూ మీటర్ల దగ్గరే కూలబడింది.

అప్పలనర్సమ్మ పక్కనే చతికిలబడింది. "ఒక్కదానివే ఎందుకే మోయడం? ఆడు మాకు పరాయోడేటి? సెప్పు, ఎలాగెల్లినాడు?"

"కోపంగా ఎల్లినాడు పిన్నీ. పొద్దున్నే నోరు జారినాను."

అప్పలనర్సమ్మ మీటరు వేగమందుకుంది. రెండో అంతస్తు రష్మిత దిగొచ్చి, బండి ఏ లైన్లో ఉందో అడిగింది. ఆ పిల్ల మీటరూ తొందరపడింది. మెట్ల మీద ఒక్కొక్కరే చేరారు. అడిగిన ప్రతివాళ్ళ మీటరూ కాస్త పెరిగింది, కళ్యాణిది తగ్గింది. బరువు అన్ని తీగల మీదికీ సర్దుకుని బల్బులు తేరుకున్నాయి.

అప్పుడు మోగింది ఫోను. "బండాగిపోనాది. ఇప్పుడే దిగినాను. ఏడవకే," అన్నాడు హరిబాబు.

అందరూ నవ్వారు. మీటర్లన్నీ వరసగా నెమ్మదించాయి, ఒక్కటి తప్ప. అది కృపారావుది. ఒకటే ఎర్రగా వెలుగుతోంది. పైన మిషను మళ్ళీ మూలగడం మొదలుపెట్టింది.

కిందికి దిగొచ్చిన సిరిల్ కంగారుగా మీటరు వైర్లు చూడబోయాడు. కళ్యాణి ఆగలేదు, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి పరిగెత్తింది. మాస్కు పైనుంచి కళ్ళు పెద్దవి చేసుకుని గుమ్మంకేసే చూస్తున్నాడు కృపారావు.

"తాతా, ఫోను సేసినాడు! బాగున్నాడు!"

ముసలాయన మాస్కు పక్కకి లాగి, "నాకు సెప్పడానికి ఇంతసేపేటే?" అని కసిరాడు.

కళ్యాణి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చేసింది. "తగ్గిందోయ్!" అని కిందనుంచి సిరిల్ అరిచాడు.