మా ఆయన చేతిపని

"నీ చేతిలో ఏదో ఉందోయ్," అన్నాడు మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి. చూసుకున్నాను. గిన్నెలు తోమే పీచు, సబ్బు నురగ తప్ప ఏమీ లేవు. "అది కాదే, పనితనం. అందరికీ రాదు," అన్నాడు. నాకు వెంటనే అనుమానమొచ్చింది. మా ఇంట్లో నన్నెవరైనా మెచ్చుకున్నారంటే దాని వెనకాల ఏదో ఒక చాకిరీ నడిచి వస్తూ ఉంటుంది. "నువ్వు మడతపెడితే ఇస్త్రీ అక్కర్లేదమ్మా" అని అత్తయ్య మురిసిపోయిన రోజున, ఆవిడ చెల్లెలి ఇంటి బట్టలు కూడా మూటకట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాయి. అందుకే తలెత్తకుండా, "భోజనానికి ఎవరొస్తున్నారు?" అని అడిగాను. ఎవరూ రావట్లేదట. గాజుగ్లాసుల సెట్టు ఇంకొకటి కావాలట, పేరు చెక్కి.

గ్లాసు మీద పేరు దించడం పెళ్లికి ముందు నేర్చుకున్నాను. అంటుకునే కాగితం గ్లాసుకి అతికించి, దాని మీద పేరు రాసి, సన్నటి కత్తితో అక్షరాల వరకు కోసి తీసేయాలి. ఆ ఖాళీల్లో పేస్టు పట్టించి కాసేపు ఉంచితే అది గాజు పైపొరను తినేస్తుంది. అక్షరాలు తెల్లగా, మంచు పట్టినట్టు మిగిలిపోతాయి. కష్టమంతా కోతలోనే. గుండ్రటి అక్షరంలో మధ్య ముక్క ఊడిందంటే ఇక అది అక్షరం కాదు, మచ్చ. ఇన్నేళ్లూ మా ఇంట్లో ఈ పనికి పెట్టిన పేరు 'గీకుడు'. "ఆ గీకుడు ఆపి కాస్త టీ పెడతావా" అని ఆయన, "కళ్లు పోతాయే, ఏమొస్తుంది దాంతో" అని అత్తయ్య. ఎవరికైనా బహుమతి ఇవ్వాల్సి వచ్చినప్పుడు మాత్రం, "మనింట్లో గ్లాసులున్నాయిగా" అనేవాళ్లు. పగలంతా కళ్లజోళ్ల దుకాణంలో ఉద్యోగం, అటూ ఇటూ వంటిల్లు. మధ్యలో ఎక్కడైనా కాస్త టైము చిక్కితే కత్తి పట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. ఆ ఒక్క పనీ నాది అనుకునేదాన్ని.

ఈసారి సెట్టు ఆయన ఆఫీసులో రిటైరవుతున్న ఒకావిడకి. స్టోర్సు చూసే మనిషి కాబట్టి అందరూ స్టోర్సమ్మ అంటారు. రిటైరయ్యే వయసే గానీ, అనుమానానికి వయసుతో పనేముంది? పైగా ఆయన వాలకం అలా ఉంది. నేను కాగితం కోస్తుంటే కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు. నాకు జ్వరమొచ్చి పడుకున్నప్పుడు కూడా ఆయన అంతసేపు నా పక్కన కూర్చోలేదు. "పేస్టు ఎంతసేపు ఉంచుతావు? ముందు కడగాలా, కాగితం తీయాలా?" అని ఒకటే ప్రశ్నలు. మొదట్లో నాకు లోలోపల బాగానే ఉంది, అబద్ధమెందుకు. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా, కాస్త గర్వంగా వినబడింది. అంతలో నా గ్లౌజులు తొడుక్కుని, బ్రష్షు పట్టుకుని, "ఒక ఫోటో తియ్యవోయ్, సరదాకి," అన్నాడు. సరదా ఫోటోకి ఎవరైనా అలా కనుబొమలు ముడిచి గ్లాసు వంక చూస్తారా? అనుమానిస్తూనే తీశాను.

ఆ తర్వాత నేను చేయని వెతుకులాట లేదు. చొక్కాలు వాసన చూశాను. నేను ఉతికిన సబ్బు వాసనే వచ్చింది. ఫోనేమో టేబుల్ మీద పడేసి స్నానానికి పోతాడు. తప్పు చేసేవాడు అలా పడేయడు కదా అని ఒకసారి, తప్పు చేసేవాడే అలా పడేస్తాడు అని ఇంకోసారి అనుకుని, చివరికి దాన్ని ముట్టుకోలేదు. "ఆవిడ రిటైర్మెంటు పార్టీకి నన్నూ తీసుకెళ్తారా?" అని అడిగి చూశాను. "అబ్బే, నీకు బోరు కొడుతుందోయ్," అన్నాడు, నా మొహం చూడకుండా. దాంతో స్టోర్సమ్మ మీద నాకున్న అనుమానం గట్టిపడింది.

అసలు సంగతి నేను వెతికిన చోట దొరకలేదు. మా దుకాణానికే నడిచి వచ్చింది. మా ఆయన ఆఫీసులో లెక్కలు రాసే ఒకాయన, తన భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు, ఆమె కళ్లజోడు వదులైందని. నేను మరలు బిగిస్తుంటే ఆమె అంది కదా, "మీరు అదృష్టవంతులు వదినా! అన్నయ్యగారికి ఎంత ఓపిక! మాకిచ్చిన గ్లాసుల్ని బయటికి తీయడానికి కూడా మనసొప్పదు. గ్లౌజులేసుకుని ఆయన చేస్తున్న ఫోటో చూశాం. ఈయనా ఉన్నారు, బల్బు మార్చమంటే నెల పడుతుంది."

"స్టోర్సమ్మ పార్టీలో మా అందరి ముందూ చేసి చూపిస్తానన్నారండీ," అన్నాడు లెక్కలాయన. "మేనేజరుగారైతే, ఇన్నాళ్లూ మన దగ్గర ఇంత కళాకారుడున్నాడని తెలీలేదే అని ఒకటే పొగడ్త."

మర నా వేళ్లలోంచి జారి కింద పడింది. బల్లకిందకి వంగి దాన్ని వెతికినంతసేపూ నా మొహం ఎవరికీ కనబడలేదు. లేచి, కళ్లజోడు ఆమె ముక్కు మీద సరిగ్గా కూర్చోబెట్టి, నవ్వి పంపించాను.

దారిలో నడుస్తూ అనుకున్నాను, నిజంగానే వేరే ఆడమనిషి ఉంటే బాగుండేదని. దానికైతే ఏం చేయాలో నాకు తెలుసు. అరవొచ్చు, ఏడవొచ్చు, మా ఆయన అక్కను పిలిచి పంచాయితీ పెట్టొచ్చు, ఊళ్లో సగం మంది నా వైపు నిలబడతారు. దీన్ని ఎవరితో చెప్పను? మా ఆయన నా గ్లాసుల్ని తనవని చెప్పుకున్నాడని చెబితే, ఓస్ ఇంతేనా అంటారు. మొగుడూ పెళ్లాల మధ్య నీది నాదీ ఏమిటంటారు. అత్తయ్య మాట నాకు ఇక్కడికే వినబడుతోంది: "వాడికి పేరొస్తే నీకొచ్చినట్టు కాదటే?" అయితే నా జీతంతో నేను చీర కొనుక్కున్నప్పుడు, "నీ డబ్బు నీ ఇష్టమైపోయిందా" అని ఎందుకన్నట్టో. నా చేతులకి గ్లౌజులుండగానే ఎవరో వచ్చి వేళ్లు పట్టుకుపోయినట్టుంది.

ఇంటికొచ్చి ఏమీ అడగలేదు. ఆయనే, "ఒక గ్లాసుకి కాగితం కోసి, అతికించి రెడీగా ఉంచు. పేస్టు ఆఫీసులో పూస్తాను, ఊరికే వాళ్ల సరదా," అన్నాడు. ఉంచాను. ఏది తర్వాత ఏదో మళ్లీ ఓపిగ్గా చెప్పాను, పిల్లాడికి పాఠం చెప్పినట్టు. ఒక్కటి మాత్రం చెప్పలేదు. కడిగాక గ్లాసు తడిగా ఉన్నంతసేపూ అక్షరాలు సరిగా కనబడవు, తుడిచి ఆరితేనే తేలతాయి. తెలియనివాళ్లు పని పాడైందనుకుని హడలిపోతారు. నేను మర్చిపోయి చెప్పకపోవడం కాదు. "గ్లాసులు పగిలితే కష్టం, నేను పట్టుకొస్తాను," అన్నాను. మోసే మనిషి అవసరమే కాబట్టి సరేనన్నాడు. ఒకటి పాడైతే ఉంటాయని రెండు ఉత్త గ్లాసులు, కాగితం, కత్తి కూడా సంచిలో వేసుకున్నాను.

ఆఫీసు భోజనాల హాల్లో టేబుళ్లు దగ్గరికి జరిపి, మధ్యలో నీళ్ల టబ్బు పెట్టారు. స్టోర్సమ్మ నెరిసిన జుట్టుతో, మోకాళ్ల నొప్పితో ముందు కుర్చీలో కూర్చుని ఉంది. ఇన్నాళ్లూ ఆవిడను అనుమానించినందుకు సిగ్గేసింది. మా ఆయన గ్లౌజులు తొడుక్కుని, నేను చెప్పిన మాటలన్నీ నాకంటే బాగా చెప్పాడు. "కళకి ఓపిక కావాలండీ" అని కూడా అన్నాడు. అది నేను చెప్పలేదు, సొంతంగానే కలిపాడు. పేస్టు పూశాడు, ఆగాడు, టబ్బులో కడిగాడు, కాగితం లాగేశాడు. పైకెత్తి చూపించబోయి ఆగిపోయాడు. గ్లాసు మీద ఏమీ లేదు. ఉత్త గాజు, నీళ్లు కారుతూ.

ఎవరో దగ్గారు. మా ఆయన గ్లాసును అటూ ఇటూ తిప్పి, నవ్వు తెచ్చుకుని, "పేస్టు పాడైందండీ. మా ఆవిడ డబ్బా మూత సరిగా పెట్టినట్టు లేదు," అన్నాడు.

పేరొచ్చినన్ని రోజులూ అక్కడ నా ఊసే లేదు. తప్పొచ్చిందో లేదో మా ఆవిడ గుర్తుకొచ్చింది. లేచి వెళ్లి గ్లాసు తీసుకుని, చేతిగుడ్డతో తుడిచాను. స్టోర్సమ్మ పేరు నెమ్మదిగా, తెల్లగా పైకి తేలింది. అందరూ చప్పట్లు కొట్టారు. "మీ ఆవిడక్కూడా నేర్పారన్నమాట!" అన్నాడు మేనేజరు. మా ఆయన ఊపిరి పీల్చుకుని, "ఏదో, కొద్దికొద్దిగా," అన్నాడు.

స్టోర్సమ్మ గ్లాసును కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసుకుంది. "నాయనా, ఉత్త గ్లాసులు ఇంకా ఉన్నాయిగా. నా మనవరాలి పేరొకటి దించిపెట్టవూ?" అంది. "ఇంటి దగ్గర చేసి తెస్తానండీ," అన్నాడాయన. "ఇక్కడే కానివ్వండి సార్, కోయడం మేమూ చూస్తాం," అన్నాడు లెక్కలాయన. మా ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. చెప్పాపెట్టకుండా మనుషుల్ని భోజనానికి తీసుకొచ్చి, గుమ్మంలోంచి వంటింటి వైపు చూసే చూపు. నా చెయ్యి అలవాటుగా సంచిలోకి వెళ్లిపోయింది. కాగితం, కత్తి, గ్లాసు తీసింది. నేను కోసిస్తే అందరూ దాన్ని సాయం అంటారు. మళ్లీ రేపటినుంచి మామూలే.

కాగితం, గ్లాసు ఆయన ముందు పెట్టాను. కత్తి చేతిలో పెట్టాను. ఒక కుర్చీ లాక్కుని, ఆయనకి ఎదురుగా, స్టోర్సమ్మ పక్కన కూర్చున్నాను.

"కోయండి," అన్నాను. "నేనూ చూస్తాను. ఇన్నేళ్లలో నాకు ఒక్కసారి కూడా చూపించలేదు మీరు."