మొదటి దమ్ము

వర్షిత జామెట్రీ బాక్సులో సగం కాలిన సిగరెట్టు కనబడినప్పుడు మంజు అరవలేదు, ఏడవలేదు. మొగుడు డ్యూటీ నుంచి వచ్చేదాకా ఆగి, కాఫీ గ్లాసు పక్కన దాన్ని పెట్టింది.

"నీ కూతురిది. నువ్వే అడుగు," అనింది.

దినకర్ కాఫీ ముట్టుకోలేదు. తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్‌లో ఇల్లు కట్టుకొని పద్నాలుగేండ్లు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ముప్పైమంది చేత పని చేయించే మనిషికి, పదకొండో తరగతి చదివే బిడ్డతో మాట ఎట్ల మొదలుపెట్టాలో తెలియలేదు. కొడుకైతే రెండు తగిలించి ఉందునేమో అనుకున్నాడు. మళ్ళీ, ఎందుకు తగిలించాల, నాకెవరైనా తగిలించినారా, అనుకున్నాడు.

మిద్దె మీద వర్షిత ఆరిన బట్టలు తీస్తా ఉంది. తండ్రి ముఖం చూడగానే ఆ పిల్లకు అర్థమైపోయింది.

"ట్యూషన్‌లో ప్రియదర్శిని ఇచ్చింది నాయినా. అందరూ తలా ఒక దమ్ము లాగినారు. నేనొక్కదాన్నే వద్దంటే ఎట్ల? వాళ్ళంతా నవ్వరా? రెండుసార్లే తాగినా." తలెత్తి అడిగింది. "నా వయసులో నువ్వు తాగలేదా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ ఆ పిల్ల కండ్లలో ఎదురు తిరగడం లేదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"తాగినా," అన్నాడు దినకర్. "ఇంకొకడి చేత తాగించినా."

ముప్పై ఏండ్లుగా ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మంజుకు కూడా.

ఆదివారం పొద్దున తండ్రీ కూతురూ తిరువళ్ళూరులో తిరుత్తణి లోకల్ ఎక్కినారు. యాడికని వర్షిత అడిగితే, "రఘు మామ దగ్గరికి," అన్నాడు. రఘు పేరు ఆ ఇంట్లో అప్పుడప్పుడూ వినబడేదేగానీ, మనిషిని ఆ పిల్ల చూడలేదు. గంటన్నర ప్రయాణం కూడా లేని ఊరికి దినకర్ పన్నెండేండ్లుగా పోలేదు.

కడంబత్తూరు దాటినాక కిటికీలోంచి పచ్చివరి వాసన వచ్చింది. జామకాయల గంపతో ఒకామె ఎక్కింది. దినకర్‌కు తెలిసినప్పటి నుంచీ గంప మారలేదు, అరుపు మారలేదు. తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు ఐటీఐకి దినకర్, రఘు, ఇంకో ఇద్దరు దోస్తులు ఈ దారినే రెండేండ్లు వచ్చి పోయినారు. పదహారేండ్ల వయసు. పుస్తకాలు ఒకడి ఒళ్ళో పడేసి మిగిలినోళ్ళు తలుపు దగ్గర నిలబడేది. అరక్కోణంలో బండి ఎంతసేపాగితే అంత సంతోషం. ఇంటికి తొందరగా పోవాలని ఎవరికీ ఉండేది కాదు. చొక్కా గుండీలు విప్పుకొని గాలికి ఎదురు నిలబడితే, లోకంలో వాళ్ళకంటే గొప్పోళ్ళు లేరు.

వాళ్ళ గుంపుకు పెద్ద తణికాచలం. ఒక సంవత్సరం సీనియర్. వాడు జుట్టు ఎట్ల దువ్వితే వీళ్ళు అట్ల దువ్వేది. తిరువాలంగాడు దాటినాక ఒకనాడు వాడు సిగరెట్టు అంటించి దినకర్ చేతికిచ్చినాడు. దినకర్ లాగి, దగ్గి, కండ్లలో నీళ్ళు తుడుచుకొని, ఆ అవమానం తనొక్కడికే ఎందుకని పక్కనున్న రఘు చేతిలో పెట్టినాడు. రఘు వద్దన్నాడు. "తాగకపోతే నువ్వు మొగోడివేనా? పో, పోయి ఆడోళ్ళ పెట్టెలో కూర్చో," అన్నాడు దినకర్. అందరూ నవ్వినారు. రఘు తాగినాడు.

దినకర్ రెండేండ్లు తాగి, పచ్చకామెర్లు వచ్చినప్పుడు మానేసినాడు. మళ్ళీ కావాలని కూడా అనిపించలేదు. రఘు మానలేదు. రెండేండ్ల కింద, కాల్లో రక్తనాళాలు మూసుకుపోయి రఘుకు రెండు వేళ్ళు తీసేసినారని తెలిసింది. చూసేదానికి పోవాలని దినకర్ నాలుగుసార్లు చొక్కా వేసుకొని, నాలుగుసార్లూ విప్పేసినాడు.

రఘు మోటార్లకు వైండింగ్ చేస్తాడు. షాపు ఇంటి ముందరే. రాగితీగ చుట్టల నడుమ, ముక్కాలి పీట మీద ఎడమ కాలు పెట్టుకొని కూర్చోనున్నాడు. దినకర్‌ను చూసి చేతిలో ఉన్న తీగ వదిలేసినాడు.

"డేయ్ దినా! దారి తప్పి వచ్చినావా?"

కాఫీ వచ్చింది. తణికాచలం కోయంబత్తూరులో ఉన్నాడనీ, బట్టతలయిందనీ రఘు చెప్తే ఇద్దరూ పడీపడీ నవ్వినారు. ఆ నవ్వు ఆగకముందే దినకర్ గ్లాసు కింద పెట్టేసినాడు.

"నీ కాలికి నేనే కారణం రఘూ. ఆనాడు రైల్లో నీకు మొదటి సిగరెట్టు ఇచ్చింది నేనే కదా."

రఘు వానిని ఎగాదిగా చూసినాడు. "దీనికోసమా రెండేండ్లుగా నన్ను చూసేదానికి రాలేదు? సెరియైన పిచ్చోడివిరా నువ్వు."

కాలు కిందికి దించుకొని చెప్పినాడు.

"మా నాయిన వెంకటపతి నీకు తెలుసు గదా, పంపుసెట్టు దగ్గర మంచం మీద కూర్చొని 'రఘూ, బీడీ అంటించుకొని రా' అనేవాడు. నాకు ఆరేండ్లు. అమ్మ పొయ్యిలో కొరివికి బీడీ పెడితే ఊరికే అంటుకోదు. నోట్లో పెట్టుకొని లాగాల. మడికాడికి పోయేలోపల ఆరిపోకూడదని దావలో ఇంకో రెండుసార్లు. నువ్విచ్చినప్పుడు మీరందరూ దగ్గినారు, నేను దగ్గినానా?"

దినకర్ గుర్తు చేసుకున్నాడు. లేదు. రఘు దగ్గలేదు. ఆనాడు అదొక గొప్పగా తోచింది.

"మా తాత చుట్ట, నాయిన బీడీ, చిన్నాయిన ముక్కుపొడి. వేలూరు డాక్టరు ఇదంతా అడిగి రాసుకున్నాడు. కొంతమందికి ఇది పుట్టుకలోనే కొంచెం వస్తుందంట, పట్టుకుంటే విడవదంట. మిగిలింది ఇల్లూ, దోస్తులూ. ఎవరిది ఎంతని పంచి చెప్పలేమన్నాడు."

"నా పాలు కూడా ఉంది గదా," అన్నాడు దినకర్.

"ఉంది. లేదని ఎందుకు చెప్పాల? మానేద్దామని అంతకుముందే అనుకున్నా నేను. అందుకే ఆనాడు వద్దన్నా." రఘు గొంతులో నిష్ఠూరం లేదు. "అయినా దినా, ఆ రైలు మాత్రం మళ్ళీ కావాల నాకు. సిగరెట్టు లేకుండానే ఆ తలుపు కాడ నిలబడి ఉండొచ్చు గదా మనం."

దినకర్ తల వంచుకున్నాడు. ఏడుపు ఆపుకోలేదు.

పక్కనే కూర్చొని అంతా వింటున్న వర్షిత, "మామా, మా తాత కూడా తాగేవాడు. అట్లయితే నాకూ వస్తుందా?" అని అడిగింది.

రఘు ఆ పిల్లనూ, దినకర్‌నూ చూసి సంగతి గ్రహించినాడు. "మీ నాయినా నేనూ ఒకే రైల్లో ఒకే సిగరెట్టు తాగినాం. వాడు వదిలేసినాడు, నన్నది పట్టుకుంది. నువ్వు ఎవరి మాదిరో తాగితే గానీ తెలీదమ్మా. తెలిసేటప్పటికి ఇదీ," అని కాలికి కట్టిన గుడ్డ విప్పి చూపించినాడు.

వర్షిత ముఖం తిప్పుకోలేదు. "మరి ప్రియదర్శిని?" అనింది మెల్లగా.

"దోస్తును వదలొద్దు. వద్దని చెప్పి పక్కనే కూర్చో. నవ్వితే నవ్వనీ. నాతో ఆనాడు ఒక్కడు అట్ల కూర్చొని ఉంటే చాలిపోయేది."

దినకర్‌కు ఆ ఒక్కడు ఎవరో వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడెన్ని తాగుతున్నావని వర్షితే అడిగింది. రఘు దాచలేదు. "ఎనిమిది నెలలు మానినా. మళ్ళీ పట్టుకున్నా. దినానికి మూడు."

వర్షిత వద్దన్నాక ప్రియదర్శిని పదిహేను దినాలు మాట్లాడలేదు. తర్వాత లెక్కల నోటు కోసం తానే వచ్చింది. సిగరెట్టు మానలేదు గానీ, వర్షితకు ఇవ్వడం మానేసింది. దినకర్ నెలకొకసారి తిరుత్తణి పోతున్నాడు. ఇద్దరూ షాపు ముందర కూర్చొని, తెలిసినోళ్ళ పేర్లన్నీ తలుచుకొని, ఎవరెవరు యాడున్నారో చెప్పుకుంటారు.

ఆదివారం పొద్దున వర్షిత రఘుకు ఫోను చేస్తుంది.

"మామా, ఈ వారం ఎన్ని?"

కొన్ని వారాలు, "ఒక్కటీ లేదమ్మా," అంటాడు. కొన్ని వారాలు కాసేపు పలకడు. అప్పుడు వర్షిత కోప్పడదు. "సెరి మామా, రేపు మళ్ళీ చూద్దాం," అని, ఆ వారం స్కూల్లో జరిగిన కబుర్లు మొదలుపెడుతుంది.