ఒక రోజు తల్లిపాలు

పంది గుండె పెట్టిన యాభై మూడో రోజున నా భర్త కాలమ్ చనిపోయాడు. ఆ గుండెలో పందుల వైరస్ దొరికింది. అది తల్లి నుంచి పిల్లలకు వస్తుంది. అందుకే గుండె ఇచ్చే దాత పందులను పుట్టగానే తల్లి నుంచి వేరు చేస్తారు.

ఆ పందిని పెంచిన శాల మా ఊరి బయటే, గొర్రెల మేతభూముల పక్కన ఉంది. క్రిములు చేరకుండా, స్నానం చేసి శాల బట్టలు వేసుకున్నవాళ్లనే లోపలికి రానిస్తారు; మిగతావాళ్లు అద్దం ఇవతలే నిలబడి మైకులో మాట్లాడాలి. అవతల మోరాగ్ ఉంది. ఒకప్పుడు నా విద్యార్థిని, ఇప్పుడు ఆ శాల బాధ్యత ఆమెదే.

"ఆ ఈతలో పుట్టిన పంది పిల్లల్ని తల్లి దగ్గర ఎంతసేపు ఉంచావు?" అని అడిగాను.

"క్లాసులో నిలబెట్టినట్టు ఇక్కడ నిలబెట్టకండి, మిస్. వైరస్ ఉందేమోనని వాటికి మూడుసార్లు ముక్కు పరీక్ష చేశాం. ఏమీ లేదు."

"ముక్కులో కనిపించకుండా లోపల దాగి ఉంటుందని నీకు తెలుసు."

మోరాగ్ అద్దం దగ్గరికి వచ్చింది.

"ఒక రోజు ఉంచాను. పాలకోసం ఒకటే అరిచాయి. మీకైతే జాలి వేసేది కాదులెండి. అప్పుడు బడిలో మామీద ఏనాడైనా వేసిందా?"

"వాటిలో ఇంకొకదాని గుండె రేపు ఆక్లాండ్ ఆసుపత్రికి వెళ్తోంది. అక్కడ ఒకామె దానికోసం ఎదురు చూస్తోంది."

"ఆపితే ఆమె ఈ వారమే పోతుంది. వాళ్లాయన వచ్చి మీ తలుపు కొడతాడు."

"కొట్టనీ. ముందు ఆమెకు చెప్పు, తర్వాత ఆమె ఇష్టం. కాలమ్‌కు ఎవరూ చెప్పలేదు."

మోరాగ్ ఫోను అందుకుని ఆ ఆసుపత్రికి కలిపింది.

"తల్లి దగ్గర ఒక రోజు ఉన్నాయి. అవును, పాలు తాగాయి," అంది.

తర్వాత నావైపు చూస్తూ మైకు ఆపేసింది; మిగతా మాటలు నాకు వినపడలేదు. ఆమె ఫోను పెట్టేసేదాకా నేను కదలలేదు.